ఒక రోజంతా నేను 'టీబీ పాప'ను

తిరుపతిలోని ఒక పరిశోధన కేంద్రంలో, మందుల ప్రభావాన్ని ఎలుకల మీద పరీక్షించే విభాగంలో నేను గత శుక్రవారం ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. ఆరోగ్య పరీక్షల పత్రం లేనిదే జంతుశాల తలుపు దాటనివ్వరు కాబట్టి, దానికోసం సోమవారం నుంచి గురువారం దాకా పడిన పాట్లను మంట చల్లారకముందే రాస్తున్నాను.

సోమవారం పనులు గంటన్నరలో ముగిశాయి. రక్తం తీశారు, టీటీ ఇంజెక్షను వేశారు, గొట్టంలోకి బలంగా ఊదమంటే ఊదాను. కుక్కలతో పనిచేయబోయే ఒక అబ్బాయికి ముందుజాగ్రత్తగా రేబిస్ టీకా 0, 7, 21 రోజుల లెక్కన రాశారు, ఎలుకల వాళ్ళకు అది అక్కర్లేదన్నారు. చివరగా నా ఎడమ ముంజేతి చర్మంలోకి 0.1 మిల్లీలీటరు మందు ఎక్కించి, బొబ్బ లేచిన చోట చుట్టూ పెన్నుతో గీసి, రుద్దవద్దనీ, 48 నుంచి 72 గంటల లోపు చూడాలి కాబట్టి బుధవారం అదే వేళకు వచ్చి చూపించుకోవాలనీ చెప్పారు. అది క్షయకు చేసే పరీక్ష. ఫ్రెంచి వైద్యుడి పేరు మీద మాంటూ పరీక్ష అనాలి గానీ, మన ఆస్పత్రుల్లో అందరూ మాంటెక్స్ అనే అంటారు. నా చీటీ మీదా అలాగే ఉంది.

బుధవారం ఉదయానికి చేయి రూపాయి బిళ్ళ కన్నా కొంచెం తక్కువ మేర ఎర్రబడింది. ఊళ్ళోని ఆ ఆస్పత్రి పేరు చెప్పను. అక్కడి కుర్రవాడు అప్పటిదాకా రిజిస్టరులో గీతలు కొట్టుకుంటున్న ప్లాస్టిక్ స్కేలునే తీసి, ఎరుపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పెట్టి, 18 మిల్లీమీటర్లు, పాజిటివ్ అని రాసేశాడు. నా చేతిని వేలితో తాకనైనా లేదు. తడిమి చూడరా అని అడిగితే, "నువ్వు డాక్టరా పాపా?" అన్నాడు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో విశ్వవిద్యాలయానికి రెండో ర్యాంకు తెచ్చుకున్న నేను ఆ మాటకు బదులు చెప్పలేక, ఛాతీ ఎక్స్‌రే చీటీ పట్టుకుని బయటకు వచ్చాను.

ఎక్స్‌రే గది ముందు బల్ల మీద ఎక్కువమంది కొండ దిగి వచ్చిన యాత్రికులు, గుండ్ల మీద గంధం ఇంకా ఆరని వాళ్ళు. నా పేరు చీటీ మీద స్పష్టంగానే ఉన్నా, లోపలి నుంచి వచ్చిన ఉద్యోగి దాన్ని చదవకుండా, "ఆ టీబీ పాప యాడుంది?" అని వరండా అంతా వినబడేలా అరిచాడు. నేను లేచి నిలబడగానే, నా పక్కన కూర్చున్న పెద్దావిడ మా ఇద్దరి మధ్యా ఉన్న లడ్డూల సంచిని మెల్లగా తీసి తన ఒడిలో పెట్టుకుంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ అరిచినవాడి మీద మాత్రం ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా ఉంది.

మధ్యాహ్నానికే మా కేంద్రం ఆఫీసు నుంచి, తేలేదాకా రావద్దని ఫోను వచ్చింది. ఆ రాత్రి బైరాగిపట్టెడలోని హాస్టల్లో కంచం గదికి తెచ్చుకుని ఒంటరిగా తిన్నాను. పాకాలలో ఉన్న మా అమ్మకు చెప్పలేదు.

గురువారం, 72 గంటలు నిండే వేళకు, వేరే చోట ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రంగు వంక చూడనే లేదు. వేలి కొసతో మచ్చను అటూ ఇటూ నిమిరి, బాల్‌పెన్నును దూరం నుంచి మచ్చ వైపు మెల్లగా జరుపుతూ, గట్టిపడిన అంచుకు తగిలి అది ఆగిన చోట గీత వదిలేశారు. రెండో వైపు నుంచీ అలాగే చేసి, రెండు గీతల మధ్య కొలిస్తే 8 మిల్లీమీటర్లు వచ్చింది. ఎరుపు లెక్కలోకి రాదనీ, గట్టిదనమే కొలవాలనీ, నాలాంటి వాళ్ళకు 10 గానీ అంతకు మించి గానీ ఉంటేనే పాజిటివ్ అంటారనీ చెప్పారు. ఒకవేళ పాజిటివ్ వచ్చినా క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరిందనే తప్ప జబ్బు ఉందని కాదట. మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు మూడోవంతు మందిలో అది చేరే ఉందట. ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉందన్నారు.

ఈ పరీక్ష చేయించుకోబోయేవాళ్ళు శుక్రవారం మాత్రం సూది వేయించుకోకండి. 48 గంటలకు ఆదివారం వస్తుంది, చూసేవాళ్ళు ఉండరు, సోమవారం కాస్త ఆలస్యమైతే 72 గంటలు దాటిపోతాయి. స్కేలు పెట్టేముందు వేలితో తడమమని అడగండి, నాలా మొహమాటపడకండి.

నాకు అర్థం కాని సంగతి ఇంకొకటి ఉంది. మనుషుల నుంచి కోతులకు క్షయ అంటుతుంది కాబట్టి కోతులున్న చోట ఈ పరీక్షకు అంత పట్టింపు ఉండటం న్యాయమే, కానీ మా దగ్గర కోతులే లేవు. ఎలుకలతో పనిచేసేవాళ్ళను నిజంగా పట్టుకునేది ఎలర్జీ. వాటి మూత్రంలోని ప్రోటీన్లు ఎండి దుమ్ములో కలిసి, బోనుల్లో పొట్టు మార్చేటప్పుడు గాల్లోకి లేస్తాయి. తుమ్ములతో మొదలై ఆస్తమా దాకా పోవచ్చు, అదీ ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. ఫారంలో దీనికి ఒకే ఒక గడి ఉంది. చిన్నప్పటి నుంచి దుమ్ము పడదని అందులో టిక్కు పెట్టాను, ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. జంతుశాలలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న అన్న ఒకాయన తన ముంజేతుల మీది దద్దుర్లు చూపించి, "ఆ పల్చటి మాస్కు పనికిరాదు పాపా, ఎన్95 అడిగి తీసుకో" అని చెప్పేదాకా నాకూ ఆ సంగతి తోచలేదు.

శుక్రవారం ఉదయం పత్రం మీద ముద్ర పడింది. 18 మిల్లీమీటర్ల కాగితాన్ని నా ఫైల్లోంచి తీసేయమని ఆఫీసులో అడిగాను, ఒకసారి ఎక్కిన కాగితాన్ని తీయడానికి వీల్లేదన్నారు. అందుకని 8 మిల్లీమీటర్ల కాగితాన్ని దాని మీద పెట్టి, నా చేత్తోనే పిన్ను కొట్టి వచ్చాను. ఎక్స్‌రేకు కట్టిన 350 రూపాయల రసీదు కూడా అక్కడే ఇచ్చాను, దాని మీద ఇంకా సంతకం కాలేదు.