గోవా 70.3 తరువాత: ఎక్కువైన 350 మీటర్లు, తక్కువైన రెండున్నర లీటర్లు

గోవాలోని మిరామార్ బీచ్‌లో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ (ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే ట్రయథ్లాన్, మొత్తం దూరం 70.3 మైళ్లు) ముగిసి తొమ్మిది రోజులైంది. కాళ్ల నొప్పులు తగ్గాయి, చేతి గడియారంలో నమోదైన వివరాలన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించాను కాబట్టి ఈసారి కాస్త వివరంగానే రాస్తున్నాను. 1.9 కిలోమీటర్ల సముద్రపు ఈతకు 51 నిమిషాలు, 90 కిలోమీటర్ల సైకిల్‌కు 3 గంటల 21 నిమిషాలు, 21.1 కిలోమీటర్ల పరుగుకు 2 గంటల 38 నిమిషాలు, మధ్యలో రెండు ట్రాన్సిషన్లకు (ఒకదాని నుంచి మరోదానికి మారే విరామాలకు) కలిపి 11 నిమిషాలు పట్టాయి. మొత్తం 7 గంటల 1 నిమిషం. ఎనిమిదిన్నర గంటల గడువుకు చాలా ముందే గీత దాటినందుకు ఎంతో సంతోషంగా ఉంది. అయితే నేను సిద్ధపడి వెళ్లింది ఆరున్నర గంటలకు. తేడా వచ్చిన అరగంటలో ఆరు నిమిషాలు ఈతలోనూ, 23 నిమిషాలు పరుగులోనూ పోయాయి.

ముందు ఈత సంగతి. గచ్చిబౌలి స్టేడియంలోని 50 మీటర్ల కొలనులో సెప్టెంబరు నాటికి 1,900 మీటర్లను 43 నిమిషాల్లో ఈదగలిగాను. అంటే వంద మీటర్లకు 2 నిమిషాల 16 సెకన్లు. గోవాలో గడియారం చూపిన దూరం 2,250 మీటర్లు. 51 నిమిషాలను ఆ దూరంతో భాగిస్తే వంద మీటర్లకు మళ్లీ అదే 2 నిమిషాల 16 సెకన్లు వచ్చింది. ఆ లెక్కను రెండుసార్లు సరిచూసుకున్నాను. అలలకు భయపడలేదు, చేతులు అలసిపోలేదు, వేగమూ తగ్గలేదు. వంకరగా ఈదడం వల్ల 350 మీటర్లు అదనంగా ఈదానంతే.

దీనికి కారణం నా సాధనలోనే ఉంది. హైదరాబాద్‌కు సముద్రం లేదు కాబట్టి మూడుసార్లు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్లి, ఋషికొండ దగ్గర ఒక మత్స్యకారుడి తెప్పను తోడుగా పెట్టుకుని ఈదాను. "అల మీదికొచ్చినప్పుడు ఎదురెళ్లొద్దు బాబూ, దాని కిందకి దూరిపోండి" అని ఆయన మొదటి రోజే చెప్పిన మాట గోవాలో అక్షరాలా పనికొచ్చింది. కానీ నేను ఊపిరి తీసుకునే కుడి వైపునే తెప్ప ఉండేది. దాన్ని చూసుకుంటూ ఈదితే చాలు, దారి ఆయనే చూపించేవాడు. దారి గుర్తుగా నీటిపై తేలే బోయ్‌ను వెతికి చూసి దిశ సరిచేసుకోవడం అనే పని నేను ఒక్కరోజు కూడా సొంతంగా చేయలేదు. గోవాలో తల మొత్తం పైకెత్తి చూడబోతే నడుము కిందికి దిగిపోయి కాళ్లు మునిగేవి, పైగా నీరు వెచ్చగా ఉండడంతో వెట్‌సూట్ (మందపాటి రబ్బరు ఈత దుస్తు) లేదు కాబట్టి అది ఇచ్చే తేలుడు కూడా లేదు. మా ఈత మాస్టారు ఇప్పుడు ఒకటే మాట అంటున్నారు: "తల ఎత్తకండి సార్, కళ్లు మాత్రమే నీటిపైకి రావాలి." ఎనిమిది బారలకు ఒకసారి, గట్టు మీద పెట్టిన ఎర్ర సీసాను చూస్తూ ఈ సాధన కొలనులోనే మొదలుపెట్టాను.

మొదటి ట్రాన్సిషన్‌లో హెల్మెట్ బకిల్ బిగిసేదాకా స్టాండు మీది సైకిల్‌ను ముట్టుకోకూడదు. నీటిలో నాని ముడతలు పడిన వేళ్లకు ఆ చిన్న బకిల్ దొరక్క, క్లిక్ అనే శబ్దం కోసం నాలుగుసార్లు ప్రయత్నించాను. ఇకపై చేతులు తడుపుకుని ఈ ఒక్క పనినే ఇంట్లో సాధన చేస్తాను. సైకిల్ అప్పగించే రోజు ఎండలో ట్యూబు పగలకుండా కొంచెం గాలి తీసేసి, పోటీ ఉదయం మళ్లీ 85 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు కొట్టడం మంచి పనైంది. ముందున్న సైకిల్‌కు 12 మీటర్ల దూరం పాటించడం కూడా కష్టమనిపించలేదు.

నా అసలు పొరపాటు నీళ్ల లెక్కలో జరిగింది. ఫిబ్రవరిలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద గంటసేపు తొక్కి, ముందూ వెనుకా బరువు చూసుకున్నాను. 72.4 కిలోలు 72.0 అయింది, మధ్యలో అరలీటరు తాగాను, కాబట్టి గంటకు 0.9 లీటరు చెమట అని రాసుకుని, దాని ప్రకారమే పోటీలో సైకిల్ మీద గంటకు సుమారు 650 మిల్లీలీటర్ల చొప్పున మొత్తం 2.2 లీటర్లు తాగాను. అది హైదరాబాద్ పొడిగాలిలో, నీడలో తీసిన కొలత అని అప్పుడు నాకు తట్టలేదు. మొన్న విశాఖ వెళ్లి బీచ్ రోడ్డు ఉక్కపోతలో అదే పరీక్ష చేస్తే 72.1 కాస్తా 71.2 అయింది, అరలీటరు కలిపితే గంటకు 1.4 లీటర్లు. ఆ లెక్కన గోవాలో సైకిల్ దిగే సమయానికే శరీరంలో దాదాపు రెండున్నర లీటర్లు తక్కువైంది, అంటే బరువులో నూటికి మూడున్నర వంతు. నల్లని ట్రైసూట్ (మూడింటికీ వేసుకునే ఒకే దుస్తు) మీద భుజాల దగ్గర తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. పరుగులో మొదటి 10 కిలోమీటర్లు 66 నిమిషాల్లో సాఫీగా సాగాయి. ఆ తరువాత పిక్కలు పట్టేయడంతో మిగిలిన 11.1 కిలోమీటర్లకు, చాలాచోట్ల నడుస్తూ, 92 నిమిషాలు పట్టింది.

చెమట పోయినంతా తాగేయాలని దీని అర్థం కాదు, గంటకు 1.4 లీటర్లు నా కడుపు పట్టదు, ఉప్పు లేని నీళ్లు మరీ ఎక్కువ తాగడం కూడా ప్రమాదమే. అందుకే గంటకు 900 మిల్లీలీటర్ల వరకు కడుపును నెమ్మదిగా అలవాటు చేస్తున్నాను. రెండు సీసాల్లో ఒకదానిలో లీటరుకు ఒక ప్యాకెట్ కొలతతో కలిపిన ఓఆర్‌ఎస్, రెండోదానిలో మామూలు నీళ్లు పోసుకుంటున్నాను. తిండి విషయంలో మార్పేమీ లేదు, ఖర్జూరాలు, అరటిపండు, చిన్న ముక్కలు చేసిన పల్లీపట్టి నాకు బాగానే పడ్డాయి. ఉక్కపోత ఉన్న రోజున సైకిల్ వేగాన్ని గంటకు ఒక కిలోమీటరు తగ్గించాలని కూడా నిశ్చయించుకున్నాను, ఎందుకంటే 90 కిలోమీటర్లలో దానికి పోయేది ఏడెనిమిది నిమిషాలే.

వచ్చే నెల మళ్లీ ఋషికొండ వెళుతున్నాను. ఈసారి తెప్పను పక్కన కాకుండా నా వెనుక రమ్మని ఆయనను ఇప్పటికే అడిగాను.