బూందీకి ట్యూషన్

నాన్న కింద పడింది ఒక మంగళవారం పొద్దున. ఇంకా ఆరున్నర కూడా కాలేదు. ఐదో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి లోపల ఏడో అంతస్తు వాళ్ళ లాబ్రడార్ ఉంది. మా కుక్క బూందీ ఒక్క అరుపు అరిచి దాని మీదికి ఎగబడింది. తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడ్డ నాన్న బోర్లా పడ్డారు. మోచెయ్యి గీరుకుపోయింది, కళ్ళజోడు పగిలింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఎముకలకేం కాకపోవడం అదృష్టం. ఆ లాబ్రడార్ మాత్రం ఏం జరిగిందో తెలియనట్టు తోక ఊపుతూనే ఉంది.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం వచ్చేసింది, పెంపుడు కుక్కల్ని లిఫ్టులోకి తేకూడదని. అలా నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఫోన్లో తీసి మా సెక్రటరీ గారికి చూపించాను. ఆయన ఓపిగ్గా మొత్తం చదివి, "సరేనమ్మా, కాగితం తీయించేస్తాను. రేపు ఎవరి చిన్నపిల్లో పడితే ఏం చేద్దామంటారు?" అన్నారు. దానికి నా ఫోన్లో జవాబు లేదు.

బూందీ దేశీ కుక్క. నిజాంపేటలో మా వీధి చివర కొత్త బిల్డింగ్ కడుతున్నప్పుడు ఇసుక కుప్ప మీద దొరికింది. అప్పటికే నాలుగు నెలలుంటాయని డాక్టరు గారు అన్నారు. టీకాలు వేయించాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇంట్లో దాని అంత నెమ్మదైన ప్రాణి ఉండదు, మా అబ్బాయి దాని పొట్ట మీద తల పెట్టుకుని హోంవర్క్ చేస్తాడు. గడప దాటితే మాత్రం వేరే మనిషి అయిపోతుంది. (మనిషి అనే రాశాను, ఉండనివ్వండి.)

ట్రైనర్ని పెడదామంటే నాన్న నవ్వారు. "మా ఊళ్ళో కుక్కలకి ఎవడిచ్చాడమ్మా ట్రైనింగు? ఒక్కటైనా ఎవరినైనా కింద పడేసిందా?" తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఆయన అన్నది నిజమే, నాకూ గుర్తున్నంతవరకు పడేయలేదు. అప్పుడు నా దగ్గర సమాధానం లేక, "ఆ రోజులు వేరు నాన్నా" అని తప్పించుకున్నాను.

వెతకడం మొదలుపెట్టాక తెలిసింది ఏమిటంటే, కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళకి మన దేశంలో 2017 నుంచి రిజిస్ట్రేషన్ నిబంధనలున్నాయి కానీ, ట్రైనర్లకి అలాంటి లైసెన్సేమీ లేదు. నేనైనా రేపు విజిటింగ్ కార్డులు కొట్టించుకుని ట్రైనర్ని అయిపోవచ్చు. ఏడుగురికి ఫోన్ చేశాను. ఐదుగురు మొదట అడిగింది "ఏ బ్రీడ్ మేడమ్?" అనే. దేశీ అనగానే ఒకాయన "వాటికి ఎక్కదు మేడమ్" అని పెట్టేశాడు. ఇంకొకాయన పదిహేను రోజుల్లో గ్యారంటీ అన్నాడు. మా అబ్బాయికి పదమూడో ఎక్కం వస్తుందని ఇంతవరకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు, ఆ మాటే నాకు అనుమానం తెప్పించింది.

వాళ్ళలో నాకు నచ్చిన మనిషి, పోలీసు జాగిలాలతో పనిచేసి రిటైరైన ఒకాయన. నెలకి పదిహేను వేలు, ఆదివారం తప్ప రోజూ పొద్దున అరగంట. చెప్పిన టైముకి రావడం, అనవసరంగా ఒక్క మాట మాట్లాడకపోవడం, ఆ నడక చూసి నాకు గౌరవం కలిగింది. ఆయన కుక్కని ఒక్కసారి కూడా కొట్టలేదు. మెడకి, లాగితే బిగుసుకునే చోక్ చైను వేసి, తప్పు చేసినప్పుడు మణికట్టుతో చిన్న కుదుపు ఇచ్చేవారు, అంతే. నాలుగు రోజుల్లో బూందీ కూర్చోమంటే కూర్చుంది, పడుకోమంటే పడుకుంది. నేను వీడియోలు తీసి మా అక్కకి పంపించాను.

రెండో వారం నుంచి ఆయన బండి చప్పుడు వినబడగానే బూందీ డైనింగ్ టేబుల్ కిందికి దూరడం మొదలుపెట్టింది. క్లాసులో మాటిమాటికీ ఆవలించేది, పెదాలు నాక్కునేది. నిద్ర చాలట్లేదేమో అనుకున్నా. "కుక్కకి బాస్ ఎవరో తెలియాలి మేడమ్, ఇప్పుడిప్పుడే తెలుస్తోంది" అన్నారాయన. నెలాఖరుకి ఆయన చేతిలో తాడుంటే లిఫ్టు ముందు బొమ్మలా నిలబడేది. నాన్న చేతిలోకి తాడు రాగానే మళ్ళీ అదే ఎగబడటం. ఒక్కటి మారింది. ఇదివరకు గుర్రుమని చెప్పి మరీ ఎగబడేది, ఇప్పుడు చెప్పడం మానేసింది.

ఆయన పని ఆయనకి రాదని నేను అనను. పోలీసు శాఖలో కుక్కా, దాన్ని నడిపించే మనిషీ నెలల తరబడి కలిసే నేర్చుకుంటారు, తర్వాత కలిసే డ్యూటీ చేస్తారు. మా ఇంట్లో ఆయన అరగంట నేర్పి వెళ్ళిపోయేవారు. మిగతా ఇరవై మూడున్నర గంటలు తాడు పట్టుకునే మనిషికి ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఆ తర్వాత ఊరి బయట ఒక ఫామ్‌లో నెల రోజులు ఉంచుకుని నేర్పిస్తారని తెలిసి వెళ్ళాను. ముప్పై వేలు. బోన్లు శుభ్రంగానే ఉన్నాయి, ఏసీ కూడా ఉంది. క్లాసు ఎలా జరుగుతుందో చూస్తానంటే "ఓనర్లని రానివ్వం మేడమ్, వీడియో పంపిస్తాం" అన్నారు. అడ్వాన్సు కోసం పర్సులోంచి తీసిన కార్డు మళ్ళీ లోపల పెట్టేసి వచ్చేశాను.

చివరికి ట్రైనర్ దొరికింది మా ఇస్త్రీ అన్న వల్ల.

మా గేటుకి ఎదురుగా వేపచెట్టు కింద ఆయన బండి. పొద్దున ఆరింటి నుంచి రాత్రి దాకా అక్కడే. బట్టలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయనే ఎత్తాడు సంగతి. "మేడమ్, గా పోలీసాయన తోని మంచిగనే నడిచింది. పెద్దసారు పట్టుకుంటే గుంజుతది. కుక్కకు గాదు, సారుకు నేర్పియ్యాలె." నేను నవ్వేశాను. ఆయన పెట్టె పక్కన పెట్టి, "మూడో గల్లీల నల్ల కుక్క లేదా, బండ్ల ఎంబడి ఉరికేది? ఒక పిల్ల స్కూటీ మీద వచ్చి నేర్పింది. ఇప్పుడు బండి పోతుంటే కూసుంటది. నేను రోజూ చూస్తున్న" అన్నాడు.

రాత్రుళ్ళు మేలుకుని వందల రివ్యూలు చదివాను. ఈ వీధిలో నడిచే ప్రతి కుక్కనీ రోజూ రెండుపూటలా చూసే మనిషిని అడగాలని మాత్రం తట్టలేదు.

మూడో గల్లీకి వెళ్ళి నల్ల కుక్క వాళ్ళింట్లో నంబరు తీసుకున్నాను. అప్పటికి ఫోన్లో ఏం అడగాలో నాకు కొంచెం తెలిసొచ్చింది. కుక్క సరిగ్గా చేస్తే ఏం చేస్తారు, తప్పు చేస్తే ఏం చేస్తారు, క్లాసు చూడనిస్తారా అని అడిగాను. సరిగ్గా చేస్తే దానికి ఇష్టమైనది పెడతానంది ఆ అమ్మాయి. తప్పు చేస్తే, పని మరీ కష్టమైనది ఇచ్చానేమోనని తగ్గించి చూస్తానంది. రేపు సాయంత్రం ఫలానా చోట క్లాసు ఉంది, వచ్చి చూడమంది. గ్యారంటీ ఉందా అంటే "లేదండీ" అంది. తర్వాత నన్ను అడగడం మొదలుపెట్టింది. ఎవరు తిప్పుతారు, ఏ టైములో, ఎంతసేపు నిద్రపోతుంది, చెవులు గోక్కుంటుందా, తల విదిలిస్తుందా. బ్రీడ్ అడగలేదు. ముందు డాక్టరుకి చూపించి రండి, ఆ తర్వాతే మొదటి క్లాసు అంది.

డాక్టరు గారు చెవి తిప్పి చూసేసరికి లోపల ఎర్రగా వాచి, పుల్లటి వాసన. ఇన్‌ఫెక్షన్, చాలా రోజుల నుంచి ఉన్నట్టుంది అన్నారు. చోక్ చైను సరిగ్గా చెవుల వెనకే బిగుసుకుంటుంది. నెల రోజుల పాటు నొప్పి ఉన్నచోటే కుదిపించానన్నమాట, అదీ డబ్బిచ్చి. ఆ రోజు బూందీ ముఖం చూడటానికి నాకు సిగ్గేసింది. చుక్కల మందు రెండు వారాలు వేశాం. చెవి తగ్గాక కొంచెం నెమ్మదించింది. లిఫ్టు గొడవ మాత్రం పోలేదు.

మొదటి క్లాసుకి పన్నెండు వందలు. ఆ గంటసేపూ ఆ అమ్మాయి కుక్కని ముట్టుకోనేలేదు. నేల మీద పక్కకి తిరిగి కూర్చుని ఏదో రాసుకుంటూ ఉంది. బూందీయే వెళ్ళి ఆమె పుస్తకం వాసన చూసి వచ్చింది. తర్వాత నాన్న వెనకాల లిఫ్టు దాకా నడిచి, "అంకుల్, బటన్ నొక్కగానే మీరు తాడు చేతికి చుట్టుకుంటున్నారు, ఊపిరి బిగబడుతున్నారు. ఏదో ముంచుకొస్తోందని దానికి మీ చేతిలోంచే తెలుస్తోంది" అంది. నాన్న ముప్పై అయిదేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినాయన. ఇరవై ఆరేళ్ళ పిల్ల తప్పు పట్టుకుంటే ముఖం ఎలా పెట్టాలో ఆయనకి తెలియలేదు. దాంతో తన పాత ప్రశ్న బయటికి తీశారు, మా ఊళ్ళో కుక్కలకి ఎవరిచ్చారమ్మా ట్రైనింగు అని.

ఆ అమ్మాయి నవ్వలేదు. "మీ ఊళ్ళో కుక్కకి ఇంకో కుక్క నచ్చకపోతే ఏం చేసేది అంకుల్?" అంది.

"పక్క సందులోకి పోయేది."

"ఇక్కడ సందెక్కడుంది? మెడకి తాడు, ముందు లిఫ్టు, వెనక గోడ. పోలేక అరుస్తోంది."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత క్లాసులన్నీ దూరం లెక్కే. ఏడో అంతస్తు వాళ్ళు పాపం లాబ్రడార్ని తీసుకొచ్చి గేటు దగ్గర నిలబెట్టేవారు. ఎంత దూరంలో ఉంటే బూందీ దాన్ని చూసి కూడా మన చేతిలో ముక్క తినగలదో కొలిచాం. ఇరవై ఆరు అడుగులు. ఇరవై అయిదులో ముక్క వాసన కూడా చూడదు. ఇరవై ఆరులో మొదలుపెట్టి, లాబ్రడార్ కనబడగానే ఒక ముక్క, చూస్తున్నంతసేపూ ముక్క తర్వాత ముక్క, అది గోడ చాటుకి వెళ్ళగానే బంద్. వరస తప్పకూడదు, ముందు కుక్క కనబడాలి, తర్వాతే ముక్క రావాలి. గంట కొట్టి తిండి పెడుతూ పోతే కొన్నాళ్ళకి గంట చప్పుడికే కుక్కకి నోరూరుతుందని స్కూల్లో చదువుకున్న పావ్లోవ్ పాఠమే ఇది. ముక్కంటే ఉడకబెట్టిన కోడి కార్జం, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా, శనగగింజంత. బిస్కెట్లు పెట్టి చూశాం, బయట వాటిని అది లెక్కే చేయలేదు. చోక్ చైను తీసేసి ఛాతీకి హార్నెస్ వేశాం. మొదటి నెల లిఫ్టు ఎక్కనే లేదు. నేనే అయిదంతస్తులు మెట్ల మీదుగా దింపితే, నాన్న లిఫ్టులో వచ్చి కింద అందుకునేవారు. నాకు రెండు కిలోలు తగ్గాయి.

నాన్న ఒక నోటుబుక్కు పెట్టారు. తేదీ, అడుగులు, ఎన్ని ముక్కలు, ఎన్ని అరుపులు. ఇరవై ఆరు, ఇరవై రెండు, ఇరవై, పద్దెనిమిది. దీపావళి రాత్రి బూందీ మంచం కింద వణుకుతూ గడిపాక మళ్ళీ ముప్పై. ఆ రోజు పేజీ పక్కన ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. నేను బెంగపడితే ఆ అమ్మాయి "ముప్పై నుంచే మొదలుపెడదాం" అని, ఆ వారం క్లాసుకి డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఓ రోజు టీ తాగుతూ నాన్న అడిగారు, అంటే దానికి మనమే బాసులమని భయం చెప్పక్కర్లేదా అని. ఆ బాస్ మాట తోడేళ్ళ దగ్గర్నుంచి వచ్చిందని చెప్పింది ఆ అమ్మాయి. ఎక్కడెక్కడివో తోడేళ్ళని తెచ్చి ఒకే ఆవరణలో పడేస్తే అవి కొట్టుకున్నాయి. ఆ కొట్లాట చూసి గుంపుకి నాయకుడుంటాడని రాశారు. ఆ మాటకి బాగా ప్రచారం తెచ్చిన శాస్త్రవేత్తల్లో ఒకరైన డేవిడ్ మీచ్, అడవిలో ఏళ్ళ తరబడి గమనించాక 1999లో తనే సరిదిద్దుకున్నారు. అడవిలో గుంపంటే చాలా వరకు అమ్మా నాన్నా వాటి పిల్లలేనని. నాన్న గ్లాసు కింద పెట్టి, "అయితే మనింట్లో లాగే. ఎవడూ ఎవడి మాటా వినడు" అన్నారు.

నాలుగు నెలల్లో పది క్లాసులు డబ్బిచ్చినవి, మొత్తం పన్నెండు వేలు. దూరం తొమ్మిది అడుగులకి వచ్చింది. లిఫ్టులో లాబ్రడార్ ఉంటే ఇప్పటికీ మేం ఎక్కం, "మీరు వెళ్ళండి, మేం తర్వాత వస్తాం" అని వెనక్కి జరుగుతాం. పార్సిల్ కుర్రాళ్ళ మీద బూందీ ఇంకా అరుస్తుంది, ఆ పాఠం దాకా రాలేదు.

చివరి క్లాసుకి ఆ అమ్మాయి తాడు ముట్టుకోలేదు. ఇస్త్రీ బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నాన్న తాడు వదులుగా పట్టుకుని, ప్యాంటు జేబులో కార్జం డబ్బాతో వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. సందులోంచి ఎవరిదో తెల్ల పమేరియన్ వచ్చింది. బూందీ ఆగింది. చెవులు నిక్కబొడుచుకుంది. నేను ఇటువైపు ఊపిరి బిగబట్టాను. అది పమేరియన్ని చూసి, తల తిప్పి నాన్న ముఖంలోకి చూసింది.

నాన్న ఒక ముక్క పెట్టి, అంతదూరం నుంచి కేకేశారు, "ఇంకోటి పెట్టనా?"

"ఒకటి చాలు అంకుల్!"

ఆయన రెండు పెట్టారు.