కర్త లేని వాక్యం

నా వ్యాసం మూడో పేజీలో ఒక వాక్యం కింద సన్నగా పెన్సిల్ గీత, పక్కన ఒకే ఒక్క ప్రశ్న: "ఎవరు?"

వాషింగ్టన్ వచ్చిన ఈ ఆరేళ్లలో అణుభద్రత మీద నేను ఏం రాసినా ముందు చదివేది ఇక్కడి నా అమెరికన్ సహోద్యోగే. ఆ ప్రశ్న ఆవిడదే. ఆ వాక్యం 2022 మార్చి 9 నాటి సంఘటనది. "నిర్వహణ పనుల్లో సాంకేతిక లోపం తలెత్తడంతో క్షిపణి పొరపాటున వెలువడి, పాకిస్తాన్‌లోని మియా చన్ను దగ్గర పడింది" అని రాశాను. లోపం తలెత్తింది, క్షిపణి వెలువడింది, పడింది. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి, మనిషన్నవాడు ఎక్కడా లేడు.

"భారత్ చేసిన మంచి పని రాసేటప్పుడు మీ వాక్యంలో కర్త ఉంటాడు. తప్పు దగ్గరికి వచ్చేసరికి మాయమవుతాడు" అన్నారావిడ. నిజమే. 1988 నాటి ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలైన ఆ పని కార్గిల్ యుద్ధం తర్వాత కూడా ఆగలేదు. అదే పేజీలో దాని గురించి రాసిన చోట కర్త నిక్షేపంగా ఉన్నాడు.

అయినా ఒళ్లు మండింది. 2007 ఆగస్టులో వీళ్ల అమెరికా బి-52 బాంబర్ విమానం ఆరు అణ్వస్త్ర క్షిపణులను పొరపాటున మోసుకెళ్లింది. దాదాపు 36 గంటల పాటు వాటికి సరైన కాపలా లేదు. దాన్ని ఈవిడ ఎలా రాశారో చూద్దామని ఆ రాత్రి పాత వ్యాసం వెతికి తీశాను. తప్పు దొరకాలనే తీశాను. ఎవరు ఏ తనిఖీ వదిలేశారో వరుసగా రాసి ఉంది. 2008లో రక్షణ మంత్రి గేట్స్ వైమానిక దళ అధిపతిని, ఆ శాఖ కార్యదర్శిని పదవుల నుంచి తప్పించడం దాకా ఉంది.

ఇంటి గుట్టు లంకకు చేటని వింటూ పెరిగినవాళ్లం. పరాయి దేశంలో ఆ మాట ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. 1967 జనవరి 1కి ముందు అణుపరీక్ష చేసినవాళ్లే అణ్వస్త్ర దేశాలని గీత గీసిన ఒప్పందం ఎన్‌పీటీ, అంటే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం. మనల్ని ఆ గీతకు అవతల నిలబెట్టినవాళ్ల ముందు మనవాళ్ల పొరపాటు నా నోటితో చెప్పాలా? దక్షిణాసియా పేరెత్తగానే ముఖాలు మారే సమావేశాల్లో కూర్చున్నవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది. దీన్ని సాకు అంటే నేను ఒప్పుకోను.

కానీ ఒకటి మింగుడు పడటం లేదు. 2022 ఆగస్టులో మన వైమానిక దళం ముగ్గురు అధికారులను ఉద్యోగాల నుంచి తొలగించింది. నిర్దేశించిన పద్ధతి పాటించకపోవడమే కారణమని బహిరంగంగా ప్రకటించింది. కర్త ఎవరో మన ప్రభుత్వమే చెప్పిందన్నమాట. నాకు తెలుసు, అయినా రాయలేదు. రాస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాను. తప్పును దాచబోయి, దాన్ని దిద్దుకున్న సంగతిని కూడా దాచేశాను.

వాక్యం మార్చాను. ఇప్పుడది "భారత వైమానిక దళం పొరపాటున ప్రయోగించిన క్షిపణి" అని మొదలవుతుంది. ముగ్గురు అధికారుల సంగతి దాని వెంటనే ఉంది.

నాన్న నా ప్రతి వ్యాసాన్నీ ప్రింటు తీయించి బీరువాలో దాచుకుంటారు. ఇది మాత్రం ఆయనకు ఇంకా పంపలేదు.