ఒక పీరియడ్, ఒక గ్లాసు

హైదరాబాద్‌లో నాతో ఒకే బడిలో చదివిన మిత్రులారా, మనం మళ్లీ కలుసుకునే ముందు ఒక జ్ఞాపకం. ఎనిమిదో తరగతిలో ఉండగా మన సైన్స్ సారు ఒక రోజు పుస్తకం తెరవలేదు. అందరినీ నల్లాల దగ్గరికి తీసుకెళ్లి, కారుతున్న మూడో నల్లా కింద స్టీలు గ్లాసు పెట్టించారు. "బెల్లు కొట్టేలోపు నిండుతుందా?" అని అడిగారు. నిండుతుందని ఒక్కరమూ అనలేదు. నలభై నిమిషాల పీరియడ్ అయ్యేసరికి నీళ్లు గ్లాసు అంచుదాకా వచ్చాయి.

లెక్క మనతోనే వేయించారు. గ్లాసు 200 మిల్లీలీటర్లు. రోజులో అలాంటి పీరియడ్లు 36. అంటే ఏడు లీటర్ల పైమాటే. ఏడాదికి 2,600 లీటర్లు దాటింది. అవి తొంభైల మొదటి రోజులు. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. అమ్మ తెల్లవారుజామున లేచి బిందెలు వరసగా పెట్టుకుని కూర్చునేది. ఆ అంకె చెప్పగానే "అన్ని నీళ్లు మట్టిపాలా!" అని చేస్తున్న పని ఆపేసింది. మర్నాడు సారు పానా, కొత్త వాషరు తెచ్చారు. విప్పిందీ బిగించిందీ మనమే.

ఆ ఏడాదే గండిపేట చెరువుకు, అంటే ఉస్మాన్‌సాగర్‌కు వెళ్లాం. దారిలో అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఆపించి, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు చూపించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మందిని కాపాడిన చెట్టది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఊరిని ముంచిన నీళ్లనే ఆపి ఊరు తాగిందన్నమాట. కట్ట మీద నిలబడి అది విన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకింకా తగ్గలేదు.

చెత్త కూడా తూకం వేయించారు. ఆకులు, తొక్కలు వేపచెట్టు కింద గుంటలో వేసి మట్టి కప్పాం. కొన్ని నెలల తర్వాత తవ్వితే నల్లటి ఎరువు వచ్చింది, దాంతోపాటు రంగు కూడా పోని ఒక చాక్లెట్ కవరు. సారు దాన్ని కడిగి బోర్డు పక్కన అంటించారు. పరీక్షల దాకా అది అక్కడే ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి బడిలో 'నీటిని కాపాడండి' అని చార్టులు రాయిస్తున్నారు. మంచిదే. కానీ కారే నల్లా కింద గ్లాసు పెట్టిన పిల్లకు ఆ చార్టు అక్కర్లేదని నా నమ్మకం. మనం తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, పంపులతో ఎత్తిపోస్తే వస్తున్నాయి. నల్లా తిప్పే చేతికి ఆ దూరం తెలియాలి.

మన బడి డాబా మీద పడే వాన నేటికీ మోరీలోకే పోతోంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన ఊళ్లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. డాబా 300 చదరపు మీటర్లున్నా రెండు లక్షల నలభై వేల లీటర్లు! అందులో సగం ఇంకినా చాలు. ఇంకుడు గుంత ఖర్చులో నా వంతు నేను పెడతాను. ముందు డాబా కొలవాలి. కలుసుకునే రోజు టేపు తెస్తాను. రెండో చివర పట్టుకోవడానికి ఒకరు కావాలి.