ఓతర్ థియరీ: ఒక్క లైను నోట్స్‌తో నేను తిన్న దెబ్బ

యూజీసీ నెట్ పరీక్షలో మాస్ కమ్యూనికేషన్‌కి చదువుతూ, ఫిల్మ్ థియరీ రాగానే పేజీ తిప్పేసేవాళ్ల కోసం రాస్తున్నా. మొదటి రెండుసార్లు నేనూ అదే బాపతు. నా నోట్స్‌లో ఈ టాపిక్ మొత్తం ఒకటే లైను: ఓతర్ థియరీ, ట్రూఫో, 1954. అంటే సినిమాకి అసలు రచయిత (ఫ్రెంచిలో ఓతర్) దర్శకుడేననే వాదం, దానికి దారితీసిన ఫ్రెంచి విమర్శకుడు (తర్వాత దర్శకుడయ్యాడు), ఆయన వ్యాసం అచ్చయిన ఏడాది. (మా రూమ్మేట్ అయితే దాన్ని ఓటర్ థియరీ అని చదివి పొలిటికల్ కమ్యూనికేషన్‌లో వెతికాడు పాపం.)

జతపరచండి ప్రశ్నకి ఆ లైను చాలు. కానీ ఒక మాక్ టెస్టులో, ఈ వాదాన్ని ఫ్రెంచి సినీ విమర్శకుడు ఆంద్రే బజాన్ పూర్తిగా సమర్థించాడా అని తిప్పి అడిగారు. 1951లో కయే దు సినిమా పత్రిక మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, ట్రూఫోని చేరదీసినవాడు, సమర్థించకుండా ఎలా ఉంటాడని టిక్ పెట్టేశా. తప్పు. 1957లో ఆయనే అదే పత్రికలో ట్రూఫో లాంటి కుర్ర విమర్శకులని సున్నితంగా మందలించాడు: ఓతర్ సరే, కానీ దేనికి ఓతర్?

ఎందుకలా అన్నాడో వెతికితే ఎమ్మాన్యుయేల్ మూనియే దగ్గర తేలాను. 1932లో ఎస్ప్రీ పత్రిక పెట్టిన తత్వవేత్త. బజాన్ అందులో రాసేవాడు. మూనియే పర్సనలిజంలో మనిషి విలువ గొప్పదే, కానీ ఆ మనిషి ఒంటరివాడు కాదు, పదిమందితో, తన కాలంతో ముడిపడి ఉంటాడు. వ్యక్తివాదం వేరు, ఇది వేరు. బజాన్ హాలీవుడ్ గొప్పదనాన్ని ఒక్క దర్శకుడికే కాకుండా అక్కడి సంప్రదాయానికి కూడా ఇచ్చింది అందుకేనని నాకనిపిస్తుంది. ఇది పట్టుబడ్డాక తేదీలు బట్టీ పట్టాల్సిన పని తగ్గింది.

ఈ వాదానికి ఇంకో మూలం ఫ్రెంచి విమర్శకుడు, దర్శకుడు ఆస్త్రుక్. 1948లో కెమెరాని కలంతో పోల్చాడు. పదిహేడో శతాబ్దపు తత్వవేత్త దెకార్త్ ఈ రోజుల్లో ఉండుంటే గదిలో తలుపేసుకుని, 16 ఎంఎం కెమెరాతో తన తత్వాన్ని ఫిల్మ్ మీదే రాసేవాడంటాడు. ఈ ఒక్క బొమ్మ గుర్తుంటే చాలు, నాకైతే మొత్తం వాదం కళ్లముందు కదిలింది. 1954 వ్యాసంలో ట్రూఫో కోపం కూడా అప్పుడే అర్థమైంది: స్క్రిప్టు రాసేవాళ్లు తమ పని అవ్వగానే సినిమా అయిపోయిందనుకుంటారు, దర్శకుడంటే వాళ్ల లెక్కలో దానికి బొమ్మలు జోడించే పెద్దమనిషి! ఇది రాసి అచ్చయినప్పుడు ఆయనకి నిండా ఇరవై రెండేళ్లు లేవు.

రెండు చోట్ల జాగ్రత్త. ఫ్రాన్స్‌లో వాళ్లు దీన్ని పొలితీక్ అన్నారు, అంటే ఒక పక్షం తీసుకోవడం. థియరీ అనే పేరు 1962లో అమెరికాలో సినీ విమర్శకుడు ఆండ్రూ సారిస్ వ్యాసంతో స్థిరపడింది. ఇక 1967 నాటి ఫ్రెంచి సాహిత్య విమర్శకుడు రోలాన్ బార్త్ వ్యాసం 'రచయిత మరణం' (రచన అర్థాన్ని తేల్చేది రచయిత కాదంటుంది) ఈ వాదానికి నేరుగా జవాబని రాసుకోకండి. ఆయన మాట్లాడింది సాహిత్యం గురించి, సినిమావాళ్లు తర్వాత దాన్ని ఇటు లాక్కొచ్చారు.