లెక్క తప్పిన ఆ గదిలోకే మళ్లీ మళ్లీ

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి వచ్చినప్పుడు కింది అరలో పుస్తకాలన్నీ మునిగిపోయాయి. నీళ్లు పోయాక ముందు వెతుక్కున్నవి ఐజాక్ అసిమోవ్ రాసిన ఫౌండేషన్ సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు మూడూ. ఇంటర్‌లో ఉండగా లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లో కొన్నవి. రెండోదానికి అట్ట ఊడిపోయింది, పేజీలు అప్పడాల్లా ఉబ్బిపోయాయి. అమ్మ "పాత పేపర్లతో వేసేద్దాం నాన్నా" అంది. నాకు మనసొప్పలేదు, మేడ మీద ఆరబెట్టాను, కరెంటొచ్చిన రాత్రే మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

కథ తెలియనివాళ్లకి క్లుప్తంగా చెబుతాను. గెలాక్సీ అంతా పరుచుకున్న సామ్రాజ్యం కూలిపోతుందని హరి సెల్డన్ అనే గణితవేత్త లెక్కగడతాడు. ఊరుకుంటే 30,000 ఏళ్ల చీకటి, దాన్ని 1,000 ఏళ్లకి కుదించాలని ఎక్కడో అంచున ఉన్న టెర్మినస్ గ్రహంలో కొంతమందిని స్థిరపరుస్తాడు. ఒక్క మనిషి ఏం చేస్తాడో అతను చెప్పలేడు, లెక్కలేనంత జనం కలిసి ఎటు కదులుతారో మాత్రం చెప్పగలడు. అతను పోయాక కూడా, సంక్షోభం ముదిరిన వేళకి, ముందే రికార్డు చేసి పెట్టిన అతని బొమ్మ ఒక గదిలో వెలిగి మాట్లాడుతుంది.

ఎంసెట్ టెన్షన్‌లో ఉన్న రోజుల్లో నన్ను పట్టుకున్నది అదే. పెద్దాయన ఒకరు అన్నీ ముందే చూసి పెట్టారంటే ఎంత ఊరట!

ఇప్పుడు నేను వెళ్లేది ఆ లెక్క తప్పిన చోటికి. మనుషుల మనసుల్నే మార్చేయగల మ్యూల్ అనేవాడు దండెత్తి వస్తుంటే అందరూ ఆ గదిలో చేరి ఎదురుచూస్తారు, సెల్డన్ ఎప్పట్లాగే ప్రశాంతంగా మాట్లాడతాడు, కానీ అతను చెప్పేదంతా అసలు జరగని అంతర్యుద్ధం గురించి. మ్యూల్ ఊసే లేదు. ఆ మ్యూల్ ఎవరో చెప్పను గానీ, తెలిశాక రెండోసారి చదవాలి, మొదటిసారి జాలిపడి దాటేసిన మాటలన్నీ వేరేగా వినబడతాయి.

1942 నుంచి పత్రికలో విడివిడి కథలుగా వచ్చినవి కాబట్టి ఎక్కడ తెరిచినా ఏదో ఒక కథలో పడిపోతాం. మూడో పుస్తకం 1953లో వచ్చింది, ఆ తర్వాత పాఠకులు, ప్రచురణకర్తలు అడగ్గా అడగ్గా 1982లో అసిమోవే తిరిగొచ్చి నాలుగోది రాశాడు. అది బాగానే ఉంటుంది, కానీ వివరణలు ఎక్కువ, నాకు మొదటి మూడే ప్రాణం.

వరద రోజు పొద్దున పక్కింటి బాబాయిగారు "ఇంత లోపలికి రాదులేరా" అన్నారు, మేమంతా నమ్మాం. మధ్యాహ్నానికి అందరం మేడ మీదున్నాం. ఈసారి ఆ గది సీన్ చదువుతుంటే ఆయన గొంతే వినబడింది. సరిగ్గా అక్కడే రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి, స్కేలుతో మెల్లగా విడదీస్తే సెల్డన్ మాటల్లో రెండు లైన్లు అవతలి పేజీకి అంటుకుని వచ్చేశాయి. పర్లేదు, ఆ రెండు లైన్లూ నాకు నోటికొచ్చు.