శ్రుతి: ఒక మాట, ఎన్ని అర్థాలు!

సంగీతం కొత్తగా నేర్చుకునేవారిని బాగా తికమకపెట్టే మాట శ్రుతి. ‘నీ శ్రుతి ఎంత?’ అని గురువుగారు అడిగితే 5 అనో 5½ అనో చెప్పాలి, పరీక్షలో ‘శ్రుతులెన్ని?’ అని వస్తే 22 అని రాయాలి. మొదటిది పాట మొత్తానికి ఆధారమైన స్థాయి, అంటే హార్మోనియం మీద ఏ మెట్టును షడ్జమంగా (‘స’గా) పెట్టుకున్నామన్న లెక్క. రెండోది చెవి పట్టుకోగల అతి సూక్ష్మమైన స్వరభేదం.

భరతముని నాట్యశాస్త్రం షడ్జగ్రామంలో (అప్పటి మూల స్వరక్రమాల్లో ఒకటి) ఆ 22 శ్రుతులను షడ్జమ, మధ్యమ, పంచమాలకు నాలుగేసి, రిషభ ధైవతాలకు మూడేసి, గాంధార నిషాదాలకు రెండేసి చొప్పున పంచింది. ఊరికే పంచి వదిలేయలేదు. ఒకే విధంగా శ్రుతి చేసిన రెండు వీణలు తీసుకుని, ఒకదాని శ్రుతిని కదపకుండా ఉంచి, రెండోదాని తీగెల స్థాయిని క్రమంగా దించుతూ పోల్చి చూసుకొమ్మంది. (‘శ్రుతి చేసిన’ అన్నచోట మూడో అర్థం వచ్చి కూర్చున్నది చూశారా?)

ఆ మూడో అర్థం వాద్యకారులది. తంబురాకు ఉన్న పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అనే నాలుగు తీగెలను బిరడలు తిప్పి సుమారుగా ఒక దారికి తెచ్చాక, తీగెలకు గుచ్చిన పూసలను వెంట్రుకవాసి జరుపుతూ మిగిలిన తేడాను సరిచేస్తారు. ఆపైన తీగె ఆనే చోట దూర్చిన నూలుపోగును అటూ ఇటూ కదుపుతుంటే, అంతదాకా ముడుచుకున్న నాదం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పున్నాగవరాళి, నాదనామక్రియ వంటి రాగాలకైతే మధ్యమాన్నే షడ్జమంగా భావించి పాడతారు గనుక దాన్ని మధ్యమ శ్రుతి అంటారు.

గురుముఖతః విని నేర్చుకున్నది గనుక వేదమూ శ్రుతే. అన్నిటికీ మూలం వినడాన్ని చెప్పే ‘శ్రు’ ధాతువు. కాబట్టి ‘శృతి’ అని రాయడం తప్పు, ఆడపిల్లల పేర్లలో అది ఎంతగా స్థిరపడిపోయినా సరే.

సంగీతం ఊసే లేని ఇళ్లలోనూ ఈ మాట తిరుగుతూనే ఉంటుంది. వేళాకోళం హద్దు దాటితే శ్రుతి మించిందంటాం, వ్యవహారం మరీ ముదిరితే శ్రుతి మించి రాగాన పడిందంటాం. ఈ వాడుకలన్నీ నాకు ఇష్టమే గాని, పత్రికల ‘అపశ్రుతి’ మాత్రం మింగుడుపడదు. పందిరి కూలినా, తొక్కిసలాట జరిగినా ‘ఉత్సవంలో అపశ్రుతి’ అనే శీర్షిక పెట్టేస్తారు. మనుషులు గాయపడిన చోట పాటలో దొర్లిన తప్పుకు వాడే మాట పెట్టడంతో, ఏర్పాట్లు చూడవలసినవారు ఎవరన్న ప్రశ్న వార్తలోకి రాకుండానే పోతోంది.